విలియం మూర్‌క్రాఫ్ట్ : ఒక అశ్వవైద్యుని చరిత్రము

శాలిహోత్ర శబ్దమునకు విచిత్రమైన గతి పట్టినది. మొదట అది ఒక మహర్షి పేరు. పిమ్మట ఆయన పేర వెలసిన అశ్వశాస్త్రమునకు పేరైనది. తుదకు ఉత్తరదేశ భాషలలో ‘సాలోత్రి’ యను తద్భవరూపము దాల్చి, గుఱ్ఱములకు మందు వేయువానికే పేరైనది. ఇంగ్లీషు కంపెనీవారి అశ్వదళములలో జీతమునకు కుదిరిన దేశీయ వైద్యులు ఈ సాలోత్రులే. గ్రంథములు పెట్టెలలో పడియున్న కాలమున గూడ శబ్దము మాత్రము లాయములలో బ్రతికి యుండెను. అట్టి సాలోత్రుల దేశమునకు 1808లో, ఐరోపా పాఠశాలలో క్రమముగా అశ్వవైద్యము నభ్యసించిన ఒక ఆంగ్లేయుడు వచ్చెను. అతడే విలియం మూర్‌క్రాఫ్ట్.

సంస్కృతాంధ్ర విషయములకు మీదుకట్టిన ఈ పత్రికలో ఒక సీమవైద్యుని కథ యెందులకని పాఠకులు శంకింపవచ్చును. అతని యాత్రాగ్రంథమును పరిష్కరించి లోకమునకిచ్చినవాడు సంస్కృత నిఘంటుకర్తయు, విష్ణుపురాణమును ఆంగ్లీకరించినవాడు నగు హొరేస్ హేమన్ విల్సన్. ఇది యొక సమాధానము. రెండవది, ఈ వైద్యుని జీవితమును చదువుచుండగా మన అర్థశాస్త్రములోని అశ్వాధ్యక్ష ప్రకరణము అడుగడుగున మనస్సునకు వచ్చుచుండును. అతనిని గూఢచారి యని వ్రాసినవారు కలరు. వారితో నేనేకీభవింపజాలను. గూఢచారియైనవాడు దారిలో కనబడిన ప్రతి గడ్డిమొక్కను గూర్చి, దానిని ఏ పశువు తినునో, ఏ ఋతువున తినునో విచారించుచు కూర్చుండడు.

మూర్‌క్రాఫ్ట్ ఇంగ్లండులో లాంకషైర్ మండలమునందలి ఆర్మ్స్‌కర్క్ అను ఊరిలో 1767లో జన్మించెను. తల్లి అవివాహిత. మాతామహుడు వ్యవసాయదారుడు, కొంత కలిగినవాడు. ఆయనయే బాలుని లివర్‌పూల్ నగరమున ఒక శస్త్రవైద్యునికడ చదువునకు చేర్చెను. ఆ కాలముననే లాంకషైర్ పశువులకు పేరు తెలియని మహామారి సోకి మందలు మందలుగా చనిపోవుచుండెను. ఆ చికిత్సలో ఈ యువకుడు చూపిన నేర్పును చూచి అచటి భూస్వాములు, మనుష్యవైద్యమును విడిచి పశువైద్యమును చదివినచో ఖర్చు తాము భరింతుమనిరి. పశువైద్యము నాడు ఆ దేశమున గౌరవమైన వృత్తి కాదు. కమ్మరులు, సైసులు చేయు పని. అయినను అతడంగీకరించెను. ఈ యొక్క నిర్ణయమే అతని శేషజీవితము నంతను నడిపించినది.

నాటికి అట్టి విద్య గఱపు పాఠశాలలలో మొదటిది ఫ్రాన్సు దేశమున లియోన్ నగరమునందున్నది. క్లాడ్ బూర్జెలా అను పండితుడు 1761లో రాజానుమతి పొంది దానిని నెలకొల్పెను. మూర్‌క్రాఫ్ట్ 1790లో, విప్లవము చెలరేగియున్న కాలమున, అచటికి పోయి చదువు ముగించుకొని వచ్చెను. క్రమశిక్షణతో పశువైద్యపట్టము పొందిన ఆంగ్లేయులలో అతడే ప్రథముడు. లండనులోని క్రొత్త పశువైద్య కళాశాలకు ఆచార్యుడుగా నుండిన సేన్‌బెల్ 1793లో మరణింపగా, ఆ స్థానమున ఎడ్వర్డ్ కోల్‌మన్‌తో గూడ మూర్‌క్రాఫ్ట్‌ను నియమించిరి. కాని అతడు కొలదికాలమునకే విరమించుకొని, ఆక్స్‌ఫర్డ్ వీథిలో గుఱ్ఱములకు వైద్యశాల పెట్టుకొనెను. అచట అతనికి ధనమును కీర్తియు పుష్కలముగా లభించెను. గిట్టలోని బాధచే కుంటు గుఱ్ఱమునకు కాలినరమును ఖండించి బాధను తొలగించు శస్త్రవిధానమును తొలుత ప్రయోగించినవారిలో అతడొకడు. ఆర్జించిన ధనములో పెద్దభాగము యంత్రములతో గుఱ్ఱపు లాడములు చేయింపవలెనను ప్రయత్నమున పోయినది. లాడము కొట్టు పద్ధతులను గూర్చి 1800లో అతడొక గ్రంథము వ్రాసెను. అంతకు పూర్వమే, 1795లో, హిందూదేశమున వాడుటకు తగిన గుఱ్ఱపు మందులపెట్టెను గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించి యుండెను. ఈ దేశపు గుఱ్ఱమును కంటచూడకయే దానికి మందు వ్రాసినవాడు, పదుమూడేండ్ల తరువాత ఈ దేశమునకు వచ్చి, మందుకంటె మేతయే ముఖ్యమని కనుగొనుట చిత్రము.

కంపెనీవారికి గుఱ్ఱములు పెద్ద సమస్య. అశ్వదళములకు వేలకొలది గుఱ్ఱములు కావలెను. మధ్యాసియానుండి కాబూలు మార్గమున వచ్చు మేలుజాతి గుఱ్ఱముల వర్తకము కలతలవలన క్షీణించినది. అందుచే 18వ శతాబ్దము చివరి దశాబ్దమున బీహారులోని తిర్హుతు ప్రాంతమున, బూఢీగండక్ నదియొడ్డున, పూసా అను గ్రామమునందు అశ్వోత్పత్తిక్షేత్రమును స్థాపించిరి. ఆడుగుఱ్ఱములను చుట్టుపట్ల రైతులకిచ్చి, పుట్టిన పిల్లలను పెరిగిన పిమ్మట వెలకు తీసికొనుట వారి పద్ధతి. దానికి అధ్యక్షుడుగా మూర్‌క్రాఫ్ట్‌ను లండనునుండి పంపిరి. ఆ 1808వ సంవత్సరముననే విల్సన్ గూడ సహాయవైద్యుడుగా కలకత్తా చేరెను. ఇద్దరును వైద్యము చదివినవారే. ఒకడు గుఱ్ఱముల వెంట, ఒకడు సంస్కృతము వెంట పడిరి.

పూసా చేరి లాయములను చూచిన మూర్‌క్రాఫ్ట్ నిరాశపడెను. గుఱ్ఱములు పొట్టివి, బలహీనములు, రోగగ్రస్తములు. పల్లపునేల. వర్షకాలమున తేమ, ఈగలు. ఆ ఋతువున గుఱ్ఱముల చర్మముపై మానని పుండ్లు లేచు రోగమును అచటివారు ‘బర్సాతీ’ యందురు. ఈగలు మోసికొని వచ్చు సూక్ష్మక్రిములు దానికి కారణమని తరువాతి కాలమునగాని తెలియలేదు. మూర్‌క్రాఫ్ట్ కాలమున చేయగలిగినది లాయమును శుభ్రముగాను పొడిగాను ఉంచుట, మేతను బాగుచేయుట. ఈ రెండింటిని అతడు పట్టుదలతో చేసెను.

మేత విషయము కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఉత్తరదేశమున గుఱ్ఱమునకు దాణా యనగా శనగలు. మన తెలుగునాట ఉలవలు. నా బాల్యమున మా యూరి జట్కాబండి సాయెబు తెల్లవారుజామున నానిన ఉలవలను సంచిలో పోసి గుఱ్ఱపు మూతికి కట్టెడివాడు. అమరకోశములోని అశ్వపర్యాయములన్నియు కంఠస్థమైన నాకు, గుఱ్ఱము ఎంత తినునో, ఎప్పుడు తినునో ఆ సాయెబువలననే తెలిసినది. అతడు ఎండలో పరుగెత్తి వచ్చిన గుఱ్ఱమునకు వెంటనే దాణా పెట్టడు, కడుపునిండ నీరు త్రాగనీయడు. కారణమడిగిన, శూల వచ్చునని చెప్పెడివాడు. నేటి శాస్త్రము చెప్పునదియు దానికి దూరము కాదు. గుఱ్ఱము నెమరువేయు జంతువు కాదు. శరీరమెంత పెద్దదైనను దాని జఠరము చిన్నది. అది వాంతి చేసికొనలేదు. గడ్డిని జీర్ణము చేయు పని వెనుకనున్న పెద్దప్రేవులలో మెల్లగా జరుగును. కావున దినమంతయు కొంచెము కొంచెముగా గడ్డి నమలుచుండుటయే దాని ప్రకృతి. దాని తూకములో నూటికి సుమారు ఒకటిన్నర మొదలు రెండు పాళ్ళ యెండుమేత దినమునకు కావలెను. పని చేయించుకొనువాడు బలము కొఱకని ధాన్యమును ఒక్కసారిగా హెచ్చించినచో కడుపునొప్పియో, గిట్టలలో వాపో వచ్చి గుఱ్ఱము పడిపోవును.

మూర్‌క్రాఫ్ట్ ఐరోపాలో గుఱ్ఱములకు పెట్టు ఓట్స్ ధాన్యమును పూసాలో విస్తారముగా సాగుచేయించెను. ఉత్తరదేశమున దీనిని ‘జై’ అందురు. యవలకు చుట్టమైన పైరు. పైపొట్టుతోనే పెట్టబడుటచే ఇందులో పీచు హెచ్చు. పప్పుధాన్యములవలె కడుపులో బరువు చేయదు. కొంచెము ఎక్కువతక్కువైనను అంతగా అపాయము లేదు. చలికాలమున పచ్చిమేతగా కోయుటకును పనికివచ్చును. నేడు ఉత్తరభారతమున పశుగ్రాసముగా జై పైరు విరివిగా కనబడుచున్నది. దానిని గుఱ్ఱపు మేతకొఱకు పెద్దయెత్తున వేసి చూపినవారిలో మూర్‌క్రాఫ్ట్ మొదటివరుసవాడు. క్షేత్రములోని గుఱ్ఱముల స్థితి అతని చేతిక్రింద మెఱుగుపడినది. అతడు చుట్టుపట్ల జనులకు గూడ వైద్యము చేయుచు వారి యాదరమునకు పాత్రుడయ్యెను.

ఈ సందర్భమున కౌటిల్యుని విధానమును స్మరింపకుండుట అసాధ్యము. ఉత్తమాశ్వమునకు రెండు ద్రోణముల ధాన్యము, అది వరియైనను యవలైనను కొఱ్ఱలైనను, సగము ఎండినదియో సగము ఉడికినదియో కావలెనని ఆయన నిర్ణయించెను. లేదా ఉడికిన పెసలు, మినుములు. ఒక ప్రస్థము స్నేహద్రవ్యము, అయిదు పలముల ఉప్పు, ముద్దను తడుపుటకు పెరుగు, అరబారువ పచ్చిమేత, అంతకు రెట్టింపు గడ్డి. ఈనిన ఆడుగుఱ్ఱమునకు మూడు దినములు నేయి. పిల్లకు పదిదినముల పిమ్మట సక్తువును నేతితో, ఆఱవ మాసమువఱకు పాలతో. గడ్డి తెచ్చువాడు, దాణా వండువాడు, లాయము కాచువాడు, వెండ్రుకలు కత్తిరించువాడు, విషము నెఱిగినవాడు, వీరందఱకును వేర్వేఱు పనులు. అన్నింటికంటె నన్నాకర్షించినది మఱియొకటి. గుఱ్ఱపు శరీరము క్షీణించినను అతిగా పెరిగినను దానికి ప్రతిక్రియ చెప్పుటయు, ఋతువునుబట్టి ఆహారమును విభజించుటయు వైద్యుని పనియేయని కౌటిల్యుడు స్పష్టముగా విధించెను. వైద్యుని అలక్ష్యమున రోగము ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ. అనగా మేత సైసులకు, మందు వైద్యునకు అని పంచుకొనుట ఆ శాస్త్రమున లేదు. పూసాలో మూర్‌క్రాఫ్ట్ చేసినదియు సరిగా అదియే. కాని అర్థశాస్త్రము 1905లోగాని బయటపడలేదు, 1909లోగాని అచ్చు కాలేదు. అతని లాయములోని సాలోత్రులకు తమ పేరు ఏ మహర్షిదో గూడ తెలిసియుండునని తోచదు. ఒకే మాటను ఇద్దరును చెప్పియు ఒకరి నొకరు వినలేదు.

ఇంతవఱకు అంతయు బాగుగనే యున్నది. ఇక అతని దోషమును చెప్పవలెను. మేతచే లాయము నిలుచునని తన చేతులతో చూపించియు, అతడు జాతిని గూర్చిన వ్యామోహమును విడువలేకపోయెను. ఎంత పోషించినను ఈ చిన్నజాతినుండి పెద్దగుఱ్ఱము రాదని, బుఖారా ప్రాంతపు తుర్కమాను గుఱ్ఱములను తెచ్చి కలుపనిదే అశ్వదళము బాగుపడదని అతని నిశ్చయము. ఇందు సత్యము లేకపోలేదు. బీజమును క్షేత్రమును రెండును కావలెను. కాని క్షేత్రము చేతిలోనున్నది, బీజము హిందూకుష్ పర్వతములకు ఆవల నున్నది. అతడు 1811లో ఉత్తరభారతమంతయు తిరిగి చూచెను. కోరిన గుఱ్ఱములు దొరకలేదు.

మఱుసటి సంవత్సరము, 1812లో, హియర్సీ అను సహచరునితో గోసాయి వేషము ధరించి, మాయాపురి యను పేరు పెట్టుకొని, నీతి కనుమమీదుగా టిబెట్టు ప్రవేశించెను. వెంట హర్ఖ్‌దేవ్ అను పండితుడుండెను. దారి దూరమును అడుగులతో లెక్కించుట ఆయన పని. మన పండితులను సర్కారువారు ఎన్నెన్ని పనులకు వాడుకొనిరో! ఆ ఆగస్టున వారు మానససరోవరమును చేరిరి. నదులు ఆ సరస్సునుండి వెడలుచున్నవన్న ప్రతీతిని పరీక్షింపదలచి మూర్‌క్రాఫ్ట్ జబ్బుతో నుండియు ఒడ్డువెంబడి నడిచి చూచెను. బయటికి పోవు ప్రవాహము అతనికి కానరాలేదు. మఱుసటియేట, 1813లో, విల్సన్ కలకత్తాలో మేఘదూతమును ఆంగ్లపద్యములుగా వెలువరించెను. మేఘుడు పోవలసిన కైలాసమానసములను ఒకడు కాలినడకను చూచివచ్చుటయు, ఒకడు కావ్యమున చూచుటయు ఒక సంవత్సరపు ఎడములో జరిగినవి. తిరుగుదారిని గూర్ఖాలు మూర్‌క్రాఫ్ట్‌ను కొంతకాలము నిర్బంధించి విడిచిరి. గుఱ్ఱములకై పోయినవాడు శాలువ ఉన్నినిచ్చు మేకలతో వచ్చెనని పై యధికారులు సంతసింపలేదు. ఆ యాత్రావృత్తాంతము మాత్రము ఏషియాటిక్ సొసైటీ సంపుటములలో అచ్చయ్యెను.

బుఖారాకు పోవుటకు అనుమతి 1819లో లభించెను. వయస్సు అప్పటికి ఏబదిరెండు. జార్జి ట్రెబెక్ అను యువకుడు, గత్రీ అను వైద్యసహాయకుడు, అంతకుముందే ఆ దారిని బుఖారాకు పోయివచ్చిన మీర్ ఇజ్జతుల్లా వెంట బయలుదేరిరి. 1820లో లాహోరున రణజిత్ సింహుని దర్శించి, ఆయన గుఱ్ఱములను చూచి, ఆయన వ్యాధికి మందు చెప్పెను. కాంగ్డాలో సంసారచంద్రుని తమ్మునికి ప్రాణము నిలిపెను. ఆ సెప్టెంబరున లడఖ్‌లోని లేహ్ చేరి, యార్కందు మార్గమున పోవుటకు అనుమతి కొఱకు నిరీక్షించుచు రెండేండ్లు గడపెను. ఆ యనుమతి రానేలేదు.

ఆ రెండేండ్లును వ్యర్థములని చరిత్రకారులు తలతురు. మేతను గూర్చి విచారించు మనకట్లు తోచదు. ఎత్తైన ఆ చలిదేశమున, గడ్డి కొలదిమాసములు మాత్రమే దొరకుచోట, జనులు పశువులను శీతకాలమున ఎట్లు బ్రతికించుకొనుచున్నారో అతడు శ్రద్ధగా పరిశీలించెను. ద్రాస్ ప్రాంతమున సోపుమొక్క జాతికి చెందిన ‘ప్రాంగోస్’ అను మొక్కను కోసి ఎండబెట్టి దాచి, మంచు కురియు కాలమున పశువులకు పెట్టుచుండిరి. అది తినిన గొఱ్ఱెలు త్వరగా బలియుననియు, కాలేయమును పట్టు పురుగురోగము పోవుననియు తెలిసికొని, దాని విత్తులను సేకరించి పంపెను. లిండ్లీ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానికి పెట్టిన లాటిను నామమున రెండవ పదమునకు మేతకు సంబంధించినదనియే యర్థము. ఇంగ్లండులో మాత్రము ఆ మేత వ్యాప్తికి రాలేదు. కఠినమైన చలియు ఎండయు కోరు మొక్క అది. లేహ్‌లో నున్నప్పుడే అతడు కంటిపొరలకు శస్త్రచికిత్సలు చేసి అనేకులకు చూపు కలిగించెను.

1822లో ద్రాస్ సమీపమున అతనికి దారిలో ఒక పేద హంగేరీయుడు తారసపడెను. అతడే ఛోమా డి కొరోస్. తన జాతి మూలమును వెదకుచు కాలినడకను వచ్చినవాడు. మూర్‌క్రాఫ్ట్ అతనికి టిబెట్టు లిపిని గూర్చిన లాటిను గ్రంథమునిచ్చి, ఆ భాష నేర్చుకొమ్మని ప్రోత్సహించి, ధనసాహాయ్యమును పరిచయలేఖలను సమకూర్చెను. ఛోమా టిబెట్టు నిఘంటువును వ్యాకరణమును 1834లో వెలువడినవి. సంస్కృతమున నష్టములైన బౌద్ధగ్రంథములను టిబెట్టు అనువాదములనుండి గుర్తించు మార్గము దీనితో తెరువబడినది. మనవారు ఛోమాను స్మరింతురు. అతనిని ఆ దారిని నిలిపిన గుఱ్ఱపు వైద్యుని స్మరించుట అరుదు.

లడఖ్ ప్రభుత్వముతో మూర్‌క్రాఫ్ట్ తనంతట తాను చేసికొనిన వర్తకపు ఒడంబడికను కంపెనీవారు త్రోసిపుచ్చిరి. జీతము నిలిపివేసిరి, మరలి రమ్మనిరి. అతడు మరలలేదు. కాశ్మీరమున కొన్ని మాసములుండి, పెషావరు, కాబూలు మీదుగా సాగెను. కుందుజులో మురాద్ బేగ్ అతనిని బంధించి ధనము పిండెను. అన్నిటిని దాటి 1825 ఫిబ్రవరి 25న బుఖారా చేరెను. అమీరు ఆదరించెను గాని, యుద్ధములవలన మేలుగుఱ్ఱములు అంగడికి వచ్చుట తగ్గియుండెను. పదునేడేండ్లు కలలుగన్న గుఱ్ఱములు కోరినన్ని చేతికి రాలేదు. తిరుగుప్రయాణమున, గుఱ్ఱములకు పేరుగన్న అంద్ఖూయ్ అను ఊరికి ఒంటరిగా పోయి, ఆ ఆగస్టు 27న జ్వరముతో అచట కన్నుమూసెను. దేహమును బల్ఖు నగరమునకు తెచ్చి ఊరివెలుపల పూడ్చిరి. గత్రీయు, పిమ్మట ట్రెబెకును ఆ ప్రాంతముననే మరణించిరి. అలెగ్జాండర్ బర్న్స్ 1832లో బల్ఖులో ఆ సమాధిని చూచెను. అతడు చావలేదనియు, పండ్రెండేండ్లు లాసాలో మాఱువేషమున నుండెననియు ఒక వదంతి 1846లో అచటికి పోయిన ఫ్రెంచి మతగురువు హూక్ చెవిని పడినది. అది నమ్మదగినది కాదు.

చెల్లాచెదరైన అతని కాగితములు కొన్ని సంవత్సరములకు కలకత్తా చేరినవి. వానిని సవరించి, కుదించి, రెండు సంపుటములుగా విల్సన్ 1841లో లండనున ప్రకటించెను. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతాచార్యుడు. విష్ణుపురాణానువాదము వెలువడి యొక సంవత్సరమైనది.

పూసా అశ్వక్షేత్రము ఆ శతాబ్దపు ఎనిమిదవ దశాబ్దమున మూతపడెను. మూర్‌క్రాఫ్ట్ ఓట్స్ పండించిన ఆ భూములలో 1905లో వ్యవసాయ పరిశోధనాలయము వెలసెను. 1934 జనవరి 15 నాటి భూకంపమున ఆ భవనము శిథిలము కాగా, 1936లో ఆ సంస్థను ఢిల్లీకి మార్చిరి. పేరు మాత్రము వెంటవచ్చినది. ఢిల్లీలో నేటికిని ఆ స్థలమును పూసా యనియే పిలుచుచున్నారు. పరిశోధనాలయమునకు విరాళమిచ్చిన అమెరికా దేశీయుడు ఫిప్స్ పేరులోని తొలియక్షరమును, ఆ దేశపు పేరులోని మూడు పొడియక్షరములను కలిపి ఆ నామము కల్పింపబడినదని కొందఱు వ్యుత్పత్తి చెప్పుదురు. అది పొరపాటు. ఆ దాత పుట్టుటకు ఎంతో ముందే గండక్ నదియొడ్డున ఆ గ్రామమును, ఆ పేరును, అచట కంపెనీ గుఱ్ఱములును ఉండినవి.